షో వీల్యాన్ బ్రీఫ్‌లో 24వ పోర్టు ఏ వరుసలోనూ లేదు

కొత్తషిఫ్ట్:
సిస్కో 2960-ఎక్స్ నెట్‌వర్క్ స్విచ్. ఏ పోర్టు ఏ వీల్యాన్‌లో (ఒకే స్విచ్‌లో విడదీసిన వర్చువల్ నెట్‌వర్క్) ఉందో చూపే షో వీల్యాన్ బ్రీఫ్ కమాండ్ కొట్టాను. 1–12 పోర్టులు వీల్యాన్ 10లో, 13–23 వీల్యాన్ 20లో ఉన్నాయి. 24వ పోర్టు, అంటే జీఐ1/0/24 మాత్రం ఎక్కడా లేదు, లైటు వెలుగుతోంది. పోర్టు పోయిందంటారా?

ప్యాచ్‌ప్యానెల్:
పోర్టుకేం కాలేదండీ. ట్రంక్‌గా (ఒకే లింకు మీద చాలా వీల్యాన్‌లను మోస్తూ) నడుస్తున్న పోర్టును ఆ పట్టిక చూపించదు. షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్ కొట్టండి, నాలుగు భాగాలు వస్తాయి. మొదటిదాంట్లో మోడ్, నేటివ్ వీల్యాన్ (ట్రంక్‌లో వీల్యాన్ నంబరు ట్యాగ్ లేని ఫ్రేములు చేరేది). రెండోది మీరు అనుమతించినవి. మూడోది వాటిలో ఈ స్విచ్‌లో యాక్టివ్‌గా ఉన్నవి. నాలుగోది స్పానింగ్ ట్రీ (లూపులు రాకుండా కొన్ని దారులు మూసే ప్రోటోకాల్) నిజంగా ఫార్వర్డ్ చేస్తున్నవి. రెండులో ఉండి మూడులో లేదంటే చాలాసార్లు ఆ వీల్యాన్‌ను ఇక్కడ సృష్టించనే లేదని అర్థం. మూడులో ఉండి నాలుగులో లేదంటే స్పానింగ్ ట్రీ ఆపింది, లేదా వీటీపీ ప్రూనింగ్ (అవతల అవసరం లేని వీల్యాన్‌ను ట్రంక్ నుంచి తానే తప్పించేది) తీసేసింది.

రాక్‌రూమ్:
ట్రంక్ కాకపోయినా మాయమయ్యే దారి ఇంకొకటుంది. నో వీల్యాన్ 20 కొడితే అందులోని పోర్టులు వాటంతటవే వీల్యాన్ 1కి రావు, పట్టికలోంచే పోతాయి. షో ఇంటర్‌ఫేసెస్ స్విచ్‌పోర్ట్‌లో యాక్సెస్ మోడ్ వీల్యాన్ (ట్రంక్ కాని పోర్టుకు కేటాయించిన వీల్యాన్) పక్కన ఇనాక్టివ్ అని ఉంటుంది. వీల్యాన్ మళ్లీ సృష్టిస్తే తిరిగొస్తాయి. ఐపీ ఫోన్ పోర్టు రెండు వరుసల్లో కనిపిస్తే కంగారొద్దు, ఒకటి డేటా, ఒకటి వాయిస్.

కొత్తషిఫ్ట్:
24 ట్రంకే. కానీ రెండో భాగంలో 30 ఒక్కటే ఉంది, 10, 20 లేవు!

ప్యాచ్‌ప్యానెల్:
ఎవరో కమాండ్‌లో యాడ్ అనే మాట వదిలేశారు. స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 30 అంటే ఉన్న జాబితాకు కలపడం కాదు, దాన్ని తుడిచి 30 రాయడం. ఇప్పుడు స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 10,20 కొట్టండి. మీ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి స్విచ్‌లోకి లాగిన్) ఆ లింకు మీదుగానే వస్తుంటే ముందు రీలోడ్ ఇన్ 10 (పది నిమిషాల్లో రీబూట్) పెట్టుకోండి, సేవ్ చేయకండి. సెషన్ తెగినా స్విచ్ రీబూటై పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా సరిగా ఉంటే రీలోడ్ క్యాన్సిల్, ఆ తర్వాతే సేవ్.

రన్నింగ్‌కాన్ఫిగ్:
ఇంత తిరుగుడెందుకు? ఇప్పుడున్న కాన్ఫిగ్‌ను చూపే షో రన్ చూస్తే సరిపోదా?

రాక్‌రూమ్:
చాలదు. షో రన్ మీరు ఏం రాశారో చెబుతుంది, పోర్టు ఎలా నడుస్తోందో చెప్పదు. డైనమిక్ ఆటో అనే మోడ్‌లో వదిలేసిన పోర్టు అవతలివైపు అడిగితే ట్రంక్ అయిపోతుంది, షో రన్‌లో ఆ ఊసే ఉండదు. షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్‌లో వీల్యాన్ గడి చూడండి: అంకె ఉంటే యాక్సెస్, లేదంటే ట్రంక్ లేదా రౌటెడ్ (వీల్యాన్‌లో లేకుండా రౌటర్ పోర్టులా నడిచేది) అని ఉంటుంది.

వెబ్‌పేజీస్విచ్:
చవక స్మార్ట్ స్విచ్‌ల వాళ్లకో మాట. అక్కడి వెబ్ పేజీలో టీ అంటే ట్యాగ్డ్ (ఫ్రేముకు వీల్యాన్ నంబరు తగిలించి), యూ అంటే అన్‌ట్యాగ్డ్ (నంబరు లేకుండా). ఆ గడులు బయటికెళ్లే ఫ్రేములకే. ట్యాగ్ లేకుండా లోపలికొచ్చేవి ఏ వీల్యాన్‌లో పడాలో పీవీఐడీ తేలుస్తుంది, చాలా మోడళ్లలో అది వేరే పేజీలో ఉంటుంది. 10లో యూ పెట్టి పీవీఐడీని 1గానే వదిలేస్తే, ఐపీ అడ్రస్ కోసం పీసీ పంపే డీహెచ్‌సీపీ అభ్యర్థన వీల్యాన్ 1లోకి పోతుంది. వీల్యాన్ 1లో పాత యూ కూడా తీసేయండి, లేకపోతే ఆ బ్రాడ్‌కాస్టులన్నీ ఈ పోర్టులోకి వచ్చి పడతాయి.