ఊక బూడిద కలిపిన అల్యూమినియం: కాఠిన్యం కొలతలు కుదరడం లేదు, ఎం.టెక్ ప్రాజెక్టు అంశం మార్చుకోవాలా?

ప్రశ్న (హనుమకొండ విద్యార్థి):
పెద్దలకు నమస్కారం. నేను మెకానికల్‌లో ఎం.టెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. 6061 రకం అల్యూమినియం మిశ్రమలోహంలో ఊక బూడిదను బరువులో 4, 8, 12 శాతం చొప్పున వేసి, స్టిర్ కాస్టింగ్ (కరిగిన లోహంలో పొడిని కలియబెట్టి పోత పోయడం) పద్ధతిలో కడ్డీలు పోశాను. బూడిదను పరకాల వైపు ఉన్న ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో సంచికెత్తి తెచ్చి, జల్లెడ పట్టి వాడాను. 8 శాతం కడ్డీ నుంచి కోసిన ఒకే బిళ్ళపై ఐదు చోట్ల బ్రినెల్ కాఠిన్యం (గట్టి బాల్‌ను భారంతో నొక్కి, పడిన గుంటను బట్టి కట్టే విలువ) చూస్తే 38 నుంచి 61 దాకా వచ్చింది. రివ్యూకు రెండు నెలలే ఉన్నందున, ఇదంతా పక్కన పెట్టి అన్సిస్ అనే సాఫ్ట్‌వేర్‌లో కంప్యూటర్ సిమ్యులేషన్ చేసుకొమ్మని మిత్రులు అంటున్నారు. గైడ్ గారిని కలిసే ముందు మీ సలహా కోరుతున్నాను.

జవాబు 1 (ఫౌండ్రీ అనుభవం ఉన్నవారు):
బూడిద రంగు ఏమిటో మీరు రాయలేదు. మిల్లు బాయిలర్ బూడిద చాలావరకు నల్లగానే ఉంటుంది, ఆ నలుపు కాలకుండా మిగిలిన కర్బనం. మఫిల్ ఫర్నేస్‌లో (మూసి ఉండే ప్రయోగశాల కొలిమిలో) 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచితే అది తెల్లబారుతుంది. అంతకంటే ముఖ్యమైనది తేమ. కరిగిన అల్యూమినియంలో చెప్పుకోదగినంతగా కరిగే వాయువు హైడ్రోజన్ ఒక్కటే కాబట్టి, తడి బూడిద నుంచి లోహంలో చేరిన హైడ్రోజన్ పోత గడ్డకట్టేటప్పుడు బయటికి పోలేక సూక్ష్మరంధ్రాలుగా మిగిలిపోతుంది. బూడిదను వేడి చేసి, చల్లారనివ్వకుండా మూసలో వేయండి. మా షెడ్డులో ఒక కుర్రవాడు తడి గరిటెను మూసలో ముంచగానే లోహం చిమ్మి చొక్కా చేయి కాలింది, జాగ్రత్త.

జవాబు 2 (పరిశోధక విద్యార్థి):
ఏ బాల్‌తో కొలిచారు? చిన్న బాల్ ఒకసారి బూడిద ముద్ద మీద, ఒకసారి ఖాళీ మీద పడుతుంది; 10 మి.మీ. బాల్, 500 కిలోల భారంతో చూస్తే గుంట పెద్దదై సగటు విలువ దొరుకుతుంది. ముందుగా ముక్కను గాలిలోనూ నీళ్ళలోనూ తూచి సాంద్రత కట్టండి. ఘన సెం.మీ.కు గ్రాముల్లో అల్యూమినియానికి 2.70, బూడిదకు సుమారు 2.2 అనుకుంటే 8 శాతానికి లెక్క ప్రకారం 2.65 రావాలి. తగ్గినంత మేరా లోపల ఖాళీయే. సిమ్యులేషన్‌కు మారినా పదార్థ గుణాల విలువలు ఎక్కడి నుంచి తెస్తారని వైవాలో అడుగుతారు, అప్పుడు మళ్ళీ ఈ కడ్డీల దగ్గరికే రావాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వాడినది 2.5 మి.మీ. బాల్. బూడిద నల్లనిదే, పైగా సంచి అడుగు చెమ్మగా ఉంది. ఈరోజు తూచి చూస్తే సాంద్రత 2.50 వచ్చింది, అంటే నూటికి ఐదున్నర పాళ్ళకు పైగా ఖాళీ. సోమవారం గైడ్ గారికి ఈ లెక్క చూపి, అదే 8 శాతంతో కాల్చిన బూడిద వేసి ఒకటి, మిల్లు బూడిదను ఆరబెట్టి మాత్రమే వేసి ఒకటి, రెండు పోతలకు అనుమతి అడుగుతాను.