అప్‌డేట్: ఆ ఇటాలియన్-అమెరికన్ కుటుంబం సినిమా దొరికింది

పేకాటలో కూతుర్ని పందెం కాసే తండ్రి, ఆ పందెం వల్ల జరిగిన పెళ్లికి పుట్టిన అమ్మాయి చివరికి ఆస్పత్రిలో చనిపోవడం, ఈ కథ ఉన్న చిన్న బడ్జెట్ సినిమా ఏదని అడిగాను కదా, దొరికిందండి. నాన్సీ సవోకా తీసిన 'హౌస్‌హోల్డ్ సెయింట్స్', 1993. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్. ఆ పేకాట పేరు పినకల్, దాన్ని పట్టుకుని వెతకమన్న సలహాతోనే దొరికింది.

చాలామంది చెప్పిన 'మూన్‌స్ట్రక్' అనే సినిమా ఇది కాదు. ఆస్పత్రి అన్నానని కొందరిచ్చిన క్యాన్సర్ సినిమాల జాబితా కూడా అవసరపడలేదు, ఎందుకంటే ఇక్కడ ఆ అమ్మాయి జబ్బు ఒంటికి కాదు, అసలు అది మతిభ్రమణమా, భక్తా అన్నది సినిమా తేల్చనే తేల్చదు. న్యూయార్క్‌లో ఇటాలియన్లు ఉండే లిటిల్ ఇటలీ పేటలో ఉక్కపోత భరించలేక, మాంసం కొట్టు ఫ్రీజర్ నుంచి కాస్త చల్లగాలి వస్తే చాలని తండ్రి కూతుర్ని పందెం కాస్తాడు, గెలిచిన కొట్టు యజమాని ఆమెను పెళ్లాడతాడు. వాళ్ల కూతురు తెరీసా ప్రియుడి చొక్కా ఇస్త్రీ చేస్తుంటే ఏసు ప్రత్యక్షమవుతాడు. ఆ సీన్లో తెరీసాగా వేసిన లిలీ టేలర్ ముఖం చూస్తే నమ్మకుండా ఉండలేం! ఈ పాత్రకే ఆమెకు, చిన్న బడ్జెట్ స్వతంత్ర సినిమాలకిచ్చే ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డు వచ్చింది.

చాలా ఏళ్లు ఈ సినిమా సరిగ్గా దొరికేది కాదట, 2023లో కొత్తగా బాగుచేసిన ప్రింటు న్యూయార్క్ ఫిల్మ్ ఫెస్టివల్లో వేశారు. వెతికేవాళ్లు ఆ ప్రింటే చూడండి. కథకు మూలం ఫ్రాన్సిన్ ప్రోజ్ రాసిన ఇదే పేరున్న నవల.