108 బండిలో ఎమర్జెన్సీ మందులు: ఏది ముందు, ఎంత, ఎలా?

పాలమూరు_కొత్త_ఈఎంటీ
అన్నలకు, అక్కలకు నమస్తే. ట్రైనింగ్ అయిపోయింది, బండి ఎక్కబోతున్నా. ఈఆర్‌సీపీ డాక్టర్ (108కి ఫోన్‌లో సలహా ఇచ్చే డాక్టర్) లైన్‌లోకి వచ్చేలోపు చేతిలో రెడీగా పెట్టుకోవాల్సిన మందులేవి? మోతాదులు ఎట్లా గుర్తుంచుకోవాలి? ఎండాకాలం బండిలో ఏవి పాడైతాయి? జర చెప్పండి.

క్యాజువాల్టీ_నైట్
మోతాదులకన్నా ముందు వరుస నేర్చుకో తమ్ముడూ. ఇంజెక్షన్ రియాక్షనో, కందిరీగ కుట్టడమో, దద్దుర్లు లేచి గొంతు బిగుసుకుని బీపీ పడిపోతుంటే ఇప్పటికీ చాలామంది చెయ్యి ఎవిల్ (అలర్జీ మందు), ఎఫ్‌కార్లిన్ (స్టెరాయిడ్) మీదికే పోతుంది. అక్కడ ప్రాణం నిలబెట్టేది అడ్రినలిన్. ఆంప్యూల్ 1 ఎంఎల్, అందులో 1 ఎంజీ. పెద్దవాళ్ళకు సగం, అంటే 0.5 ఎంఎల్, తొడ మధ్యలో బయటివైపు కండలోకి. ప్యాంటు మీదుగా పొడిచినా పర్వాలేదు. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్ళీ అంతే. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు 0.3 ఎంఎల్, ఆరేళ్ళలోపు 0.15 ఎంఎల్. మిగతావన్నీ దీని తర్వాతే.

సీనియర్_కాంపౌండర్
కొత్త పిల్లల్ని భయపెట్టకండి. మా ఊళ్ళలో ఎవిల్, డెకడ్రాన్ స్టెరాయిడ్‌తోనే నూటికి తొంభై తగ్గుతాయి. పెద్ద వయసువాళ్ళకు, గుండెజబ్బువాళ్ళకు అడ్రినలిన్ ఇస్తే గుండె లయ తప్పుతుంది. అనుభవంతో చెప్తున్నా.

క్యాజువాల్టీ_నైట్
తగ్గాయంటున్నవి ఒట్టి దద్దుర్లు, అవి వాటంతటవే తగ్గేవి. ఎవిల్ దురదను ఆపుతుందంతే. వాచిన గొంతును తెరవదు, బీపీని లేపదు. నరంలో గబగబా తోస్తే ఉన్న బీపీని ఇంకా దించుతుంది, పైగా మత్తు. ఎఫ్‌కార్లిన్ పనిచెయ్యడానికి గంటలు పడుతుంది, ఊపిరాడనివాడి దగ్గర ఉన్నవి నిమిషాలు. లయ తప్పడం గురించి మీరన్నది నాడి ఆడుతున్నవాళ్ళకు ఆంప్యూల్ మొత్తం నరంలోకి కొట్టినప్పటి సంగతి. అప్పుడు మెదడులో రక్తస్రావం కూడా కావచ్చు. 1 ఎంజీ ఐవీ గుండె ఆగినవాళ్ళకే, 3 నుంచి 5 నిమిషాలకోసారి, వెంట 20 ఎంఎల్ సెలైన్ ఫ్లష్‌తో. అనాఫిలాక్సిస్‌లో (ప్రాణం మీదికొచ్చే ఈ అలర్జీ రియాక్షన్‌లో) కండలోకి ఇచ్చే అర ఎంజీకి గుండెజబ్బు అడ్డు కాదు.

సీనియర్_కాంపౌండర్
పుస్తకం చదివి మాట్లాడటం తేలిక. పల్లెల్లో రాత్రిపూట చూసేది మేము.

ఫార్మసీ_స్టోర్స్
ఇద్దరూ వదిలేసిన సంగతి సిరంజి. 0.15, 0.3 కొలవడానికి చాలామంది ఇన్సులిన్ సిరంజి తీస్తారు. రెండు తప్పులు జరుగుతాయి. మన దగ్గర 40 యూనిట్లదీ 100 యూనిట్లదీ రెండూ దొరుకుతాయి. 0.3 ఎంఎల్ అంటే మొదటిదాంట్లో 12 యూనిట్లు, రెండోదాంట్లో 30. కంగారులో తారుమారైతే పిల్లాడికి రెండున్నర రెట్లు తేడా. రెండోది, ఆ సూది పొట్టిది, మందు కొవ్వులోనే ఆగిపోతుంది, కండ దాకా పోదు. 1 ఎంఎల్ టీబీ సిరంజికి అంగుళం సూది తగిలించి పెట్టెలో అడ్రినలిన్ పక్కనే కట్టి ఉంచండి.

పత్తిచేల_108
మా వైపు రియాక్షన్ కేసులకన్నా పురుగుల మందు కేసులే ఎక్కువ, దానికి విరుగుడైన అట్రోపిన్ గురించి ఎవరూ ఎత్తలేదేం? ఆంప్యూల్‌కు 0.6 ఎంజీయే. మొదటి డోసు 3 నుంచి 5 ఆంప్యూల్స్. 5 నిమిషాలు చూసి, ఛాతీలో గురగుర పోకపోతే రెట్టింపు. 5, 10, 20 అని లెక్కేసుకోండి, బండిలో స్టాకు ఎంతుండాలో మీకే అర్థమవుతుంది. ఆక్సిజన్, సక్షన్ (నోట్లో నురగ లాగే మిషన్) పక్కనే నడవాలి. బట్టలు విప్పి సబ్బుతో కడగాలి, నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి. పేడనీళ్ళు, ఉప్పునీళ్ళు తాగించి కక్కిస్తుంటే ఆపండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కంటిపాప పెద్దదైతే డోసు ఆపొచ్చు.

ఐసీయూ_సిస్టర్
చివరి మాట తప్పు అన్నా! కంటిపాప చూసి ఆపితే దారిలోనే నురగలో మునుగుతాడు. పురుగుల మందు కంట్లో పడినా పాప ముడుచుకుపోతుంది, ఒక కన్ను ఒకలా ఇంకో కన్ను ఒకలా కూడా ఉంటుంది. స్టెతస్కోప్ పెట్టి వినండి. ఛాతీ తేటపడాలి, నాడి 80 దాటాలి, పైబీపీ 80 దాటాలి, చంకలో చెమట ఆరాలి. నాడి 120 ఉందని అట్రోపిన్ మొదలెట్టకుండా కూర్చోకండి. ఒళ్ళు కాలిపోతూ, కలవరిస్తూ, పొట్టలో చప్పుడు పోతే అప్పుడు ఎక్కువైనట్టు.

పత్తిచేల_108
నేను ఆపమన్నది పాప ఒక్కటే చూసి కాదు.

ఐసీయూ_సిస్టర్
రాసింది అలాగే ఉంది. కొత్తవాళ్ళు చదువుతున్నారు, సరిచెయ్యండి.

క్యాజువాల్టీ_నైట్
ఇంకోటి. పురుగుల మందా, గడ్డి మందా అని అడగండి, డబ్బా తప్పకుండా తెప్పించండి. లేబుల్ మీద పారాక్వాట్ అని ఉంటే అలవాటుగా మాస్క్ పెట్టి 10 లీటర్లు తెరవకండి. ఆ విషం ఆక్సిజన్ తోడైతే ఊపిరితిత్తుల్ని మరింత కాలుస్తుంది. సాచురేషన్ బాగా పడిపోతేనే, అదీ తక్కువలో. గడ్డి మందులన్నీ పారాక్వాట్ కావు, అందుకే డబ్బా.

లేబర్_రూమ్_108
ఎండ గురించి ఆ పిల్లాడు అడిగి ఎంతసేపైంది! కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, ఐస్‌ప్యాక్ డబ్బాలో పెట్టాలి. మే నెలలో బండి అరలో పెట్టి, కాన్పయ్యాక 10 యూనిట్లు ఇస్తే సగం బలం కూడా ఉండకపోవచ్చు. ఆక్సిటోసిన్ నమ్మకం లేకపోతే అదే పనికి మిసోప్రోస్టాల్ మాత్రలు 600 మైక్రోగ్రాములు. లోరాజెపామ్‌కూ ఫ్రిజ్ కావాలి, బండిలో ఫిట్స్‌కు మిడజోలామే నయం. అడ్రినలిన్ రంగు తిరిగితే పారెయ్యండి.

గర్భిణికి ఫిట్స్ వస్తే మాగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్). 50 శాతం ఆంప్యూల్, 2 ఎంఎల్‌లో 1 గ్రాము. 4 ఆంప్యూల్స్‌కు 12 ఎంఎల్ డిస్టిల్డ్ వాటర్ కలిపి 20 ఎంఎల్ చేసి, కనీసం 5 నిమిషాలు తీసుకుని నరంలోకి. కలపకుండా నరంలోకి తోస్తే శ్వాస ఆగిపోవచ్చు. తర్వాత ఒక్కో పిరుదుకు 5 గ్రాములు లోతుగా కండలోకి. మోకాలి కుదుపు (కింద తడితే కాలు ఎగరడం) పోయినా, శ్వాస నిమిషానికి 16 కన్నా తగ్గినా తర్వాతి డోసు వద్దు. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ 10 ఎంఎల్ ఆ అరలోనే ఉండాలి.

ఫార్మసీ_స్టోర్స్
ఛాతీనొప్పికి ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) 75 ఎంజీవి నాలుగు, మింగకుండా నమలాలి, పైన పూత ఉంటుంది కాబట్టి. సార్బిట్రేట్ (గుండె రక్తనాళాలను వెడల్పు చేసే మాత్ర) నాలుక కింద పెట్టేముందు బీపీ చూడండి, పైబీపీ 90 కింద ఉంటే వద్దు. సిల్డెనాఫిల్ (వయాగ్రా, దీనితో కలిస్తే బీపీ పడిపోతుంది) వేసుకున్నారా అని ఇంట్లోవాళ్ళను బయటికి పంపి అడగండి, వాళ్ళ ముందు నిజం చెప్పరు.

పాలమూరు_కొత్త_ఈఎంటీ
థాంక్స్ అన్నా, సిస్టర్, అందరికీ. ఒక డౌటు. అడ్రినలిన్ ఇచ్చినాక పేషెంట్ తేరుకుంటే బండి దాకా నడిపించొచ్చా?

సీనియర్_కాంపౌండర్
తేరుకుంటే నడుస్తాడు. ఎవిల్ మాత్రం మర్చిపోకు.

క్యాజువాల్టీ_నైట్
నడిపించొద్దు! రక్తమంతా కాళ్ళలోకి దిగి ఉంటుంది, లేచి నిలబడగానే గుండెకు చేరేది ఉండదు, అక్కడికక్కడే కూలిపోతాడు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచు. ఆయాసం ఎక్కువుంటే కాళ్ళు చాపి కూర్చోబెట్టు, గర్భిణి అయితే ఎడమ పక్కకు తిప్పు. స్ట్రెచర్‌ను గుమ్మం దాకా తెమ్మని పైలట్‌కు (బండి డ్రైవర్‌కు) ముందే చెప్పు.