పంపు ఆగాక కూడా మూడో జోన్ స్ప్రింక్లర్లు కారుతున్నయ్, ఆఫ్-డిలే టైమర్ (పంపును కాసేపు ఆలస్యంగా ఆపేది) పెడితే ఆగుతదా?

హన్మకొండలో ఇంటి లాన్‌కు మూడు జోన్ల పాప్-అప్ స్ప్రింక్లర్లు. బోరు నీళ్లు మేడమీది ట్యాంకుకు, అక్కడి నుంచి 1 హెచ్‌పీ బూస్టర్ పంపు, ఆ తర్వాత అంగుళం సోలనాయిడ్ వాల్వులు (టైం ప్రకారం కంట్రోలర్ కరెంటు ఇస్తే తెరుచుకునేవి). మొదటి రెండు జోన్లు సరిగ్గా ఆగుతున్నయ్. మూడోది టైం అయిపోయినా తెల్లారేదాకా కారుతనే ఉంది, ఆ మూలకు గడ్డి కుళ్లుతోంది.

కారేటప్పుడు సోలనాయిడ్ వైరు తీసినా ఆగట్లేదు, అంటే కంట్రోలర్ తప్పు కాదు. సోలనాయిడ్ కాయిల్ 28 ఓమ్‌లు చూపిస్తోంది, అంటే అదీ బాగానే ఉంది. వాల్వు మూత విప్పి సీటు, స్ప్రింగ్, డయాఫ్రం (నీళ్లను ఆపే రబ్బరు పొర) కడిగిన. చిరుగు లేదు, సన్న రంధ్రంలో ఇసుక లేదు. రెండో వాల్వు డయాఫ్రం ఇందులో వేసినా అంతే.

అసలు అనుమానం ఒత్తిడి మీద. డయాఫ్రం మూసుకోవాలంటే దాని పైన నీటి ఒత్తిడి కావాలి. మొదటి రెండు ఆగేటప్పుడు తర్వాతి జోన్ కోసం పంపు నడుస్తనే ఉంటది. మూడోదానికి వాల్వు, పంపు రిలే (పంపును ఆన్-ఆఫ్ చేసే స్విచ్చి) ఒకేసారి ఆగుతయ్. మిగిలేది 7 మీటర్ల ఎత్తు ట్యాంకు ఒత్తిడి, సుమారు 0.7 బార్. ఈ వాల్వుకు కనీసం 1 బార్ ఉండాలి. పంపు నడుస్తుండగా వైరు తీస్తే గట్టిగా మూసుకుంటోంది, తర్వాత పంపు ఆపినా చుక్క రాదు.

పంపు రిలేకు 10 సెకన్ల ఆఫ్-డిలే టైమర్ చాలా? లేక మూడోది మూసుకునేదాకా పంపు నడిచేలా, వాల్వు లేని నాలుగో జోన్‌కు కంట్రోలర్‌లో 1 నిమిషం ఇవ్వాలా? అంతసేపు నీళ్లు పోయే దారి లేకుండా నడిస్తే పంపు సీలుకు, పీవీసీ జాయింట్లకు దెబ్బ తగులుతదా? ఇట్లా బిగించినోళ్లుంటే చెప్పండి.