మా బావమరిది బార్బేరియన్‌కు చావు లేదు. ఎలుగుబంటి శక్తిని తగ్గించాలా?

ఆదివారం డీఎం:
డి అండ్ డి (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో పాత్రలు ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్, 2014 నియమాలతో ఆడిస్తున్నాను; డీఎం అంటే డంజియన్ మాస్టర్, ఆట నడిపేవాడిని. పార్టీలో బార్బేరియన్ (ఆవేశంతో పోరాడే యోధుడు), క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి), విజార్డ్ (మంత్రగాడు), రోగ్ (చాటుగా దెబ్బతీసేవాడు). అందరూ ఐదో లెవెల్. బార్బేరియన్ మా బావమరిది, క్లెరిక్ మా ఆవిడ. బంధుత్వం ఎందుకు చెప్పానంటే, అతని మీదికి నేను ఏ భూతాన్ని వదిలినా ఆ సాయంత్రం నాకు చల్లారిన టీయే వస్తుంది.

అతనిది టోటెమ్ వారియర్, అంటే జంతువు శక్తిని తెచ్చుకునే బార్బేరియన్ శాఖ. మూడో లెవెల్లో ఎలుగుబంటిని ఎంచుకున్నాడు. రేజ్‌లో (పోరాటంలో తెచ్చుకునే ఉగ్రావేశంలో) ఉన్నంతసేపు సైకిక్ (మనసు మీద పడే దెబ్బ) తప్ప ఏ రకం దెబ్బైనా సగమే. హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) 55, అంటే నా పాలిట 110. పక్కనున్న విజార్డ్‌కు 32 మాత్రమే. మొన్న రెండు ఓగర్లను (భారీ రాక్షసులను) దింపాను. రేజ్ అన్నాడు, రెక్‌లెస్ అటాక్ (తన రక్షణ వదిలేసి కొట్టడం) అన్నాడు, వెళ్లి రెండింటి మధ్య నిలబడ్డాడు. ఓగర్ దుడ్డుకర్ర దెబ్బ సగటున 13, అతని ఖాతాలో పడేది 6. నేను డైస్ వేస్తుంటే అతను మిక్చర్ నములుతూ "ఇంకో రెండు వెయ్యి బావా" అంటాడు. విజార్డ్ ఫైర్‌బాల్ (చుట్టుపక్కల అందరినీ కాల్చే మంత్రం) వేయడానికి వెనకాడితే "నన్ను కూడా కలిపి వేసెయ్" అన్నాడు. సేవ్ (దెబ్బను తప్పించుకోవడానికి వేసే పాచిక) తప్పినా సగటున 28 తగలాల్సిన చోట 14 తగిలింది.

దెబ్బలు పెంచితే మిగతా ముగ్గురూ నేల కరుస్తారు. ఎలుగుబంటిని కత్తి, గద, బాణం దెబ్బలకే పరిమితం చేద్దామా అని ఆలోచిస్తున్నాను. ఎవరైనా చేసి చూశారా?

నీలి పాచిక:
అంతగా కోయనక్కర్లేదు. 2024 పుస్తకంలో ఎలుగుబంటికి సైకిక్‌తో పాటు ఫోర్స్, నెక్రోటిక్, రేడియంట్ అనే రకాల దెబ్బల నుంచి రక్షణ కూడా తీసేశారు. అదే పెట్టేయండి. రాసినవాళ్లకే ఎక్కువైందని అనిపించినప్పుడు మనకెందుకు మొహమాటం?

పాత క్యాంపెయిన్:
నీలి పాచిక గారు సగమే చెప్పారు. అదే పుస్తకంలో షార్ట్ రెస్ట్ (ఆటలో చిన్న విశ్రాంతి) తీసుకుంటే ఒక రేజ్ తిరిగి వస్తుంది. ఒక్కో రేజ్‌ను పది నిమిషాల దాకా నిలుపుకోవచ్చు. తీసుకునేది తీసుకుని ఇచ్చేది ఇవ్వకపోతే, చల్లారిన టీ కూడా రాదు.

ఆదివారం డీఎం గారూ, ఓగర్‌కు తెలిసింది గద, విసురు ఈటె, అంతే. గద దెబ్బలు కాచుకోవడానికే పుట్టిన క్లాసు మీదికి దాన్ని పంపి, గెలవలేదని బాధపడితే ఎలా? పైగా అతను ఊరికే ఏమీ తీసుకోవడం లేదు. కవచం లేకుండా అతని ఏసీ (దెబ్బ తగలాలంటే శత్రువు పాచికతో చేరాల్సిన అంకె) 15 అనుకుందాం. ఓగర్ ఇరవై ముఖాల పాచికకు 6 కలిపి కొడితే తగిలే అవకాశం 60 శాతం. రెక్‌లెస్ అన్న క్షణాన ఓగర్‌కూ అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకునే వీలు) వస్తుంది, అది 84 శాతానికి ఎక్కుతుంది. విజార్డ్ నెత్తిన పడాల్సిన గదను అతను పిలిచి మరీ తన నెత్తిన వేయించుకుంటున్నాడు. అది అతని ఉద్యోగం.

నా అనుమానం వేరే చోట ఉంది. ఐదో లెవెల్లో ఆటలోని ఒక రోజుకు రేజ్‌లు మూడే. మీ బల్ల దగ్గర ఒక రోజుకు ఎన్ని పోరాటాలు జరుగుతున్నాయి?

ఆదివారం డీఎం:
ఒకటి. ఎప్పుడైనా రెండు. మూడు గంటల్లో అంతకంటే అవదు. డంజియన్ మాస్టర్ పుస్తకం రోజుకు ఆరు నుంచి ఎనిమిది అంటుంది, అది పెళ్లి కాని వాళ్ల కోసం రాసిన మాట.

పాత క్యాంపెయిన్:
ఆరు అక్కర్లేదు, నాలుగు చాలు. అవి నాలుగు ఆదివారాలకు పరుచుకోవచ్చు. మీ ఆట ముగిసినంత మాత్రాన వాళ్లకు తెల్లవారాలని నియమం ఎక్కడా లేదు. లేచే ముందు ప్రతి కాగితం మీద మిగిలిన రేజ్‌లు, స్పెల్ స్లాట్లు (ఇంకా ఎన్ని మంత్రాలు వేయొచ్చో ఆ లెక్క), హిట్ పాయింట్లు పెన్సిల్‌తో రాయించండి. వచ్చే వారం అక్కడి నుంచే మొదలు. రెండో వారానికల్లా మీ బావమరిది రేజ్ అనేముందు చేతివేళ్లు లెక్కపెట్టుకుంటాడు. ఇంకో లాభం: మీ విజార్డ్‌కు రోజుకు మూడో లెవెల్ స్లాట్లు రెండే. ఒక్క పోరాటంలో రెండు ఫైర్‌బాల్‌లూ వేసి చేతులు దులుపుకోవడమూ ఆగుతుంది. మీరు బార్బేరియన్‌ను మాత్రమే చూస్తున్నారు గానీ, రోజుకొక్క పోరాటం వల్ల అందరికంటే బాగుపడింది ఆ విజార్డే.

ఇక ఓగర్లకు సెలవిచ్చి ఒక హార్పీని (పాటతో మనుషుల్ని లాక్కునే రెక్కల రాక్షసిని) తెండి. ఎత్తయిన గట్టు మీద కూర్చోబెట్టి పాడించండి. పాటకు లొంగకూడదంటే విజ్డమ్ (మనోబలం) సేవ్ 11 రావాలి. బార్బేరియన్‌కు ప్రొఫిషియెన్సీ (పాచికకు కలిసే అదనపు అంకె) ఉన్నది స్ట్రెంత్ (బలం), కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టితనం) సేవ్‌లకే. విజ్డమ్ 8 పెట్టుకుని ఉంటే, పెట్టుకునే ఉంటాడు, సగానికి పైగా తప్పుతాడు. ఆ తరవాత గొడ్డలి ఈడ్చుకుంటూ పాట వైపు నడుస్తాడు. 2014 నియమాల్లో తన వంతు ముగిసేలోపు శత్రువును కొట్టకుండా, తనకూ దెబ్బ తగలకుండా ఉంటే రేజ్ ఆరిపోతుంది. హార్పీ అతన్ని ముట్టుకోనే లేదు, ఒక రేజ్ ఖర్చయిపోయింది. ఈలోగా రోగ్ విల్లు తీయాలి, విజార్డ్ బుర్ర వాడాలి. ప్రతి వారం మాత్రం ఇదే చేయకండి. మధ్య మధ్యలో ఓగర్లనూ పంపండి. మిక్చర్ తినే హక్కు అతనికీ ఉంది.

నీలి పాచిక:
ఇది బాగుంది. నా సలహా వెనక్కి తీసుకోను గానీ, ముందు ఇది ప్రయత్నించండి.

ఆదివారం డీఎం:
పెన్సిల్ లెక్క ఈ వారం నుంచే మొదలుపెడతాను. ఒక్క సందేహం. హోల్డ్ పర్సన్ (మనిషిని కదలకుండా బంధించే మంత్రం) వేసినా రేజ్ అలాగే ఆరిపోతుందా? ఒక కల్టిస్టుల (దుష్టశక్తిని కొలిచేవాళ్ల) గుంపును సిద్ధం చేసుకుంటున్నాను.

పాత క్యాంపెయిన్:
అక్కడ తిరకాసు ఉంది. కదలలేని అతన్ని మీ కల్టిస్టులు చుట్టుముట్టి పొడిస్తే, దగ్గరి నుంచి తగిలిన ప్రతి పోటూ క్రిటికలే (డైస్ రెట్టింపు వేసే దెబ్బ). కానీ దెబ్బ తగులుతోంది కాబట్టి 2014 లెక్కన రేజ్ ఆరదు, ఆ క్రిటికల్ కూడా సగమే. రేజ్ ఆరాలంటే ఒక రౌండ్ అతని జోలికి ఎవరూ పోకుండా క్లెరిక్ మీద పడాలి. ఆవిడ దగ్గర డిస్పెల్ మ్యాజిక్ (వేసిన మంత్రాన్ని తీసేసే మంత్రం) సిద్ధంగా ఉందో లేదో మాత్రం ముందుగా అడగకండి, పసిగట్టేస్తారు.