అమ్మ మందులకి యాప్ పెట్టాను, కింద మెడికల్ షాపాయన వద్దంటున్నాడు

వైట్‌ఫీల్డ్_వాసి:
అనంతపురం నుంచి అమ్మని బెంగళూరుకి తెచ్చుకుని ఏడాదైంది. షుగర్, బీపీ, థైరాయిడ్, మోకాళ్ళ నొప్పులకి కాల్షియం. ఫోన్‌లో మందుల యాప్ పెట్టాను. టైముకి మోగుతుంది, అమ్మ వేసుకుని టిక్ కొడితే ఆఫీసులో నాకు మెసేజ్ వస్తుంది. స్ట్రిప్ అయిపోవస్తే అదే ఆర్డర్ పెట్టేస్తుంది, 15 శాతం తగ్గింపు కూడా. మొన్న కింద షాపాయన (హిందూపురం మనిషే) "ఫోన్‌ని నమ్ముకుంటే ఎలాగండీ" అన్నాడు. బేరం పోయిందన్న ఏడుపు కాక ఇంకేమన్నా ఉందంటారా?

బుల్లోడు_బన్నేరుఘట్ట:
ఏడుపే.

ఫార్మసీ_బాబాయ్:
13 ఏళ్ళుగా మారతహళ్ళిలో కౌంటర్ వెనక నిలబడుతున్నవాణ్ణి. ఒక్కటి చెప్పండి. థైరాయిడ్ బిళ్ళ ఎన్నింటికి మోగుతోంది? కాల్షియం ఎన్నింటికి?

వైట్‌ఫీల్డ్_వాసి:
రెండూ పొద్దున 7కే. ఒకేసారి అయిపోతుందని.

ఫార్మసీ_బాబాయ్:
అదీ సంగతి. కాల్షియం తోడుంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. రెంటికీ మధ్య 4 గంటలుండాలి. థైరాయిడ్ది పరగడుపున, నీళ్ళతో, టిఫినుకీ కాఫీకీ అరగంట నుంచి గంట ముందు. మీరు పెట్టిన టైముకే అది మోగింది, దాని తప్పేం లేదు.

జయనగర్_జానకి:
గంట ముందా? మా అత్తగారు పదేళ్ళుగా కాఫీతోనే వేసుకుంటారు. ఏం కాలేదు.

ఫార్మసీ_బాబాయ్:
థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఎంతుందమ్మా?

జయనగర్_జానకి:
దాని సంగతి నేనడగలేదు. ఫిల్టర్ కాఫీకీ ఇన్‌స్టంట్‌కీ తేడా ఉంటుందా?

మోడరేటర్:
కాఫీ మీద వచ్చిన 11 రిప్లైలు వేరే థ్రెడ్‌కి మార్చాం.

బుల్లోడు_బన్నేరుఘట్ట:
ఏ రెండు మందులు కలవకూడదో చెప్పే యాపులు కూడా ఉన్నాయి బాబాయ్. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకి డబ్బా మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి. స్కాన్ చేస్తే బ్యాచ్, ఎక్స్‌పైరీ అన్నీ వస్తాయి. మీ షాపులో ఎవరికైనా చూపించారా?

సుజాత_కేఆర్‌పురం:
మా చెల్లెలికి ప్రాణం మీదికొచ్చింది. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ రాశారు, వారానికి ఒక్కసారే. యాప్‌లో మందు పేరు కొట్టగానే "రోజూ" అని దానంతటదే పడింది, మేం చూసుకోలేదు. వరసగా 4 రోజులు వేసుకుంది. ఐదో రోజుకి నోరంతా పుళ్ళు, మజ్జిగన్నం మింగలేకపోయింది. ఆసుపత్రిలో పెట్టాల్సొచ్చింది. చీటీ మీద డాక్టరు "ఆదివారం" అని రాసే ఉంచారు. షాపులో ఇచ్చిన కుర్రాడు అదొక్క మాట చెప్పుంటే సరిపోయేది.

వైట్‌ఫీల్డ్_వాసి:
చూశారా, ఇచ్చింది మనిషే! ఫోన్ నోరు మూసుకుంది, మనిషీ మూసుకున్నాడు. మీ షాపుల్లో గోడ మీద ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్లో ఉండేది ఇంకొకరు.

ఫార్మసీ_బాబాయ్:
సర్టిఫికెట్ అద్దెకిచ్చేవాళ్ళున్నారు, కాదనను. మందిచ్చేటప్పుడు ఎలా వాడాలో చెప్పాలని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్లలో రాసే ఉంది. కానీ చెప్పినందుకు ఎవరిస్తారండీ డబ్బులు? నేను జీతగాణ్ణి. తగ్గింపు కోసం యాప్‌లో తెప్పించుకుని, ఆ స్ట్రిప్పే పట్టుకొచ్చి "ఇది తిన్నాకా, తినకముందా" అని నన్నడిగేవాళ్ళు రోజూ ఐదారుగురు. చెప్పే పంపిస్తున్నాను. మీకు బిళ్ళ చవగ్గా కావాలి, మాట ఉచితంగా కావాలి. కోపమొస్తే రానీండి.

ఇంకోటి. అమ్మగారు టిక్ కొడుతున్నారన్నారు. బిళ్ళలు ఎప్పుడన్నా లెక్కపెట్టారా?

వైట్‌ఫీల్డ్_వాసి (మర్నాడు):
రాత్రి లెక్కపెట్టాను. యాప్ ప్రకారం బీపీ బిళ్ళలు 4 ఉండాలి. 11 ఉన్నాయి.

అమ్మనడిగితే "నొక్కకపోతే మీటింగులోంచి ఫోన్ చేసి అరుస్తావు కదరా, అందుకే మోగంగానే నొక్కేస్తా. అది వేసుకుంటే కళ్ళు తిరుగుతాండాయి" అంది. ఎవరికైనా చెప్పావా అంటే, "కింద షాపాయనకి చెప్పినా, నీకు చెప్పమన్నాడు" అంది.

ఫార్మసీ_బాబాయ్:
మందు మీ అంతట మీరు ఆపొద్దు, సగం చెయ్యొద్దు. కూర్చున్నప్పుడొకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూసి రాసుకోండి. ఆ కాగితంతో ఈ రెండు రోజుల్లోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మిగిలిన బిళ్ళల లెక్క కూడా దాచకుండా చెప్పండి, లేకపోతే మందు చాలట్లేదనుకుని డోసు పెంచుతారు.

వైట్‌ఫీల్డ్_వాసి:
సరే. యాప్ తీసెయ్యను. నాకొచ్చే మెసేజ్ మాత్రం ఆపేశాను. కాల్షియం మధ్యాహ్నానికి మార్చాను.

జయనగర్_జానకి:
అత్తగారి టీఎస్‌హెచ్ రిపోర్టు దొరికింది. 2019ది. పనికొస్తుందా?