ఊళ్లో అమ్మానాన్నల ఇంటికి నెట్ కెమెరా: పెట్టిద్దామా, మానేద్దామా?

సోంపేట అబ్బాయి:
నేను హైదరాబాద్‌లో ఉంటాను. అమ్మా నాన్నా సోంపేట దగ్గర ఊళ్లో ఇద్దరే. పోయిన నెల మా వీధిలో తాళం వేసి ఉన్న రెండిళ్లు దోచేశారు. అప్పట్నుంచి నాకిక్కడ ఒకటే టెన్షన్. ఫోన్‌లో చూసుకునే వైఫై కెమెరా రెండు మూడు వేలకే వస్తుంది, పెట్టించెయ్ అంటాడు బావ. మా ఆవిడేమో ఇంట్లో వీడియోలు బయటికి పోతాయంటుంది. వాడినవాళ్లు చెప్పండి.

బట్టీ బాబాయ్:
పెట్టించు తమ్ముడూ. పలాసలో మాకు జీడిపప్పు బట్టీ ఉంది. మొదట్లో వీడియో రికార్డు చేసుకునే డబ్బా, డీవీఆర్ ఒక్కటే, నెట్ లేదు. ఓసారి పిక్కల బస్తాలు నాలుగు పోయాయి. బస్తా అంటే 80 కేజీలు. తెల్లారి బొమ్మ చూస్తే మొహానికి తువ్వాలు కట్టుకున్న ఇద్దరు, ఓ ఆటో. నంబరు కనబడలేదు. తర్వాత నెట్‌కి కలిపించాను. కిందటేడు రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. చూస్తే గేటు దగ్గర మనిషి. కాపలావాడికి ఫోన్ చేశాను. వాడు లైటేసి కేకేసేసరికి గోడ దూకి పోయాడు. దొంగ పోయాక బొమ్మ చూసుకుని ఏం లాభం?

మూడు లాంతర్లు:
విజయనగరంలో నెట్‌వర్కింగ్ పనులు చేస్తాను. బాబాయ్ గారి మాట కాదనను. కానీ మీ ఫోన్‌కి దారి ఉందంటే ఇంకొకరు కూడా ఆ దారి వెతుక్కోగలరు. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రామ్, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి, రౌటర్లలోకి దూరింది. అక్టోబరు 21న వాటన్నిటినీ ఒకేసారి, వెబ్‌సైట్లకి దారి చూపించే డైన్ (Dyn) అనే సంస్థ మీదికి ఉసిగొల్పితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి మొరాయించాయి. పాస్‌వర్డ్ మార్చేశాం కదా అంటారా, 2021 మార్చిలో వెర్కాడా అనే కెమెరాల కంపెనీలో అన్నీ చూడగలిగే అడ్మిన్ ఖాతాయే బయటివాళ్ల చేతికి చిక్కింది. ఆసుపత్రులు, జైళ్లు, బడులు కలిపి లక్షన్నర దాకా కెమెరాలు.

మన దగ్గర అంత కష్టం కూడా అక్కర్లేదు. మొన్న ఒక షాపులో చూశాను. బిగించిన కుర్రాడు పాస్‌వర్డ్ 123456 పెట్టి, ఓనరు మర్చిపోతాడేమోనని డీవీఆర్ డబ్బా మీదే స్కెచ్ పెన్నుతో రాసి వెళ్లాడు. కౌంటర్ దగ్గర నిలబడితే చాలు, చదువుకోవచ్చు.

బట్టీ బాబాయ్:
అది కెమెరా తప్పా, బిగించినవాడి తప్పా? 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్ష నెగ్గిన సీసీ కెమెరాలే అమ్మాలని కేంద్రం రూలు కూడా పెట్టింది.

మూడు లాంతర్లు:
మంచి రూలే. మీ బట్టీలోవి ఎప్పుడు కొన్నారు?

బట్టీ బాబాయ్:
2022లో. సరే, దొరికిపోయాను.

కాశీబుగ్గ కోడలు:
మీరంతా బయటి దొంగల గురించే మాట్లాడుతున్నారు. మా ఆయనకి చెన్నైలో ఉద్యోగం. అత్తగారికి ఒంట్లో బాగోదని హాల్లో కెమెరా పెట్టించారు. దానివల్ల మేలు జరగలేదనను. ఓ రోజు ఆవిడ కళ్లు తిరిగి పడిపోతే, నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను, ఆయనే అక్కడ్నుంచి చూసి ఫోన్ చేశారు. కానీ ఆ తర్వాత "ఇందాక వచ్చిందెవరు?", "ఇంకా అన్నాలు తినలేదా?" మొదలయ్యాయి. సాయంత్రాలు వచ్చి కూర్చునే పక్కింటి పిన్ని ఒకరోజు తలెత్తి ఆ ఎర్ర లైటు చూసింది. "మీ ఆయన సూస్తన్నాడేటమ్మా?" అని కొంగు సర్దుకుంది. మళ్లీ రాలేదు. అత్తగారైతే, గోడ మీంచి "అమ్మా, మందేసుకున్నావా?" అని కొడుకు గొంతు వినబడగానే ఉలిక్కిపడి చేతిలో గ్లాసు వదిలేసేవారు. ఇప్పుడు దాని మీద చీర ముక్క కప్పి ఉంటుంది. నేను కప్పలేదు, ఆవిడే.

టెక్కలి కరెంటు:
2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మాకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు నెట్ కెమెరా గోడ మీద బల్లితో సమానం. మామూలు రోజుల్లో కూడా కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది. దానికో చిన్న యూపీఎస్, కెమెరాలో మెమరీ కార్డు ఉండాల్సిందే. 2 ఎంబీపీఎస్‌తో ఆపకుండా రికార్డయితే రోజుకి 21 జీబీ పైనే. 64 జీబీ కార్డు మూడు రోజులకి నిండి, పాతది చెరిపేసుకుంటుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టుకోండి.

బట్టీ బాబాయ్:
కార్డుతో సహా కెమెరా పీక్కుపోతే?

టెక్కలి కరెంటు:
అక్కడ మాత్రం వీడియోని నెట్‌లో కంపెనీ దగ్గర దాచే క్లౌడే నయం, ఒప్పుకుంటా.

సోంపేట అబ్బాయి:
ఇదంతా చదివి రాత్రి అమ్మకి ఫోన్ చేసి అడిగాను. అడగాలని అంతకుముందు తట్టనే లేదు. "వీధి గుమ్మానికి పెట్టుకో, లోపల వద్దు. మీ నాన్న చొక్కా లేకుండా తిరుగుతారు" అంది. కాబట్టి బయట ఒకటే. గేటూ అరుగూ కనబడితే చాలు, ఎదురింటివాళ్ల గుమ్మం పడకూడదు. లాంతర్లు గారూ, రౌటర్‌లో పోర్ట్, అదే బయటినుంచి నేరుగా వచ్చే దారి, తెరవకుండా యాప్‌తో చూసుకోవచ్చా?

మూడు లాంతర్లు:
చూసుకోవచ్చు. కెమెరాని ఇంట్లో ఫోన్లతో కలవకుండా విడిగా ఉండే గెస్ట్ వైఫైలో పెట్టండి, యాప్‌కి ఓటీపీ ఉంటే ఆన్ చేయండి, అప్‌డేట్ అడిగితే ఒప్పుకోండి. ముందు మీ ఊళ్లో రౌటర్ పాస్‌వర్డ్ చూడండి.

సోంపేట అబ్బాయి:
వీడియో కాల్‌లో నాన్న చేత టైప్ చేయించాను. అడ్మిన్, అడ్మిన్. తెరుచుకుంది.